శంకర్ గుహా నియోగి: ముందే పలికిన మరణం, రుజువు కాని కుట్ర

భిలాయి: 1991 సెప్టెంబరు 28. తెల్లవారడానికి ఇంకా రెండు గంటలుంది. భిలాయి హడ్కో కాలనీలోని ఒక ఇంట్లో, తెరిచి ఉన్న కిటికీ పక్కన మంచం మీద నిద్రిస్తున్న శంకర్ గుహా నియోగిని బయటి నుంచి కాల్చి చంపారు. పక్క గదిలో పడుకున్న డ్రైవర్ చప్పుడుకు లేచి వచ్చేసరికే అంతా అయిపోయింది. కాల్చిన మనిషిని చూసినవారు లేరు. అప్పటికి నియోగి వయసు 48 ఏళ్లు.

ఛత్తీస్‌గఢ్ గనుల్లో, మిల్లుల్లో ఆ పేరు తెలియని ఇల్లు అప్పట్లో లేదు. తనను చంపుతారని ఆయనకు ముందే తెలుసు. ఆ మాట డైరీలో రాసుకున్నారు, ఒక చిన్న టేపులో తన గొంతుతోనే చెప్పి పెట్టారు. ఎవరిని అనుమానిస్తున్నారో కూడా చెప్పారు. ఆయన మరణానంతరం ఆ టేపు బయటపడినప్పుడు, కేసు అక్కడికే సగం తేలిపోయిందని కార్మికులు భావించారు. కానీ పద్నాలుగేళ్లకు దేశ అత్యున్నత న్యాయస్థానం చివరి మాట చెప్పే నాటికి, శిక్ష పడినది తుపాకీ పేల్చిన ఒక్కరికే. జనానికి తెలిసినదానికీ న్యాయస్థానంలో నిలిచినదానికీ మధ్య ఉండే దూరం నియోగి కేసులో కనిపించినంత స్పష్టంగా మన న్యాయ చరిత్రలో బహు కొద్ది కేసుల్లోనే కనిపిస్తుంది. ఆ దూరాన్ని కొలిచిన సూత్రాల్లో ముఖ్యమైన రెండు తెలుగువారి కేసుల్లోనే పుట్టాయి.

కోక్ ఓవెన్ నుంచి గని దాకా

నియోగి అసలు పేరు ధీరేశ్. 1943లో బెంగాలీ కుటుంబంలో జన్మించారు. బాల్యం కొంత అస్సాంలో గడిచింది, చదువు జల్పాయిగుడిలో సాగింది. విద్యార్థి ఉద్యమాల గాలి అక్కడే సోకింది. 1960ల తొలినాళ్లలో ఉపాధి వెతుక్కుంటూ భిలాయి చేరారు.

అప్పటి భిలాయి కొత్త ఊరు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో ఉక్కు కర్మాగారం పుట్టింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి వచ్చినవారితో సెక్టార్లు నిండాయి. ఆంధ్ర నుంచి, ముఖ్యంగా ఉత్తర కోస్తా నుంచి వెళ్లిన కుటుంబాలు కూడా అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. కర్మాగారం లోపల శాశ్వత ఉద్యోగికి క్వార్టరు, బడి, ఆసుపత్రి ఉండేవి. గేటు బయట, గనుల్లో కాంట్రాక్టరు కింద పనిచేసేవారికి ఇవేవీ లేవు. నియోగి జీవితమంతా ఈ రెండో భిలాయి కోసమే సాగింది.

కోక్ ఓవెన్ విభాగంలో పనిచేస్తూ, దుర్గ్‌లో చదువు కొనసాగిస్తూ ఆయన కార్మిక సంఘాల్లో చురుకుగా తిరిగారు. 1960ల ద్వితీయార్ధంలో ఉద్యోగం పోయింది. నక్సల్బరీ ప్రభావంలో కొంతకాలం నడిచారు. అయితే ప్రజా సంఘాలు వద్దన్న ఆనాటి పార్టీ పంథాతో పొసగక దూరమయ్యారు. అజ్ఞాతంలో మేకలు అమ్మారు, చేపలు పట్టారు, పొలం పనులు చేశారు. శంకర్ అన్న పేరు అప్పుడే వచ్చింది. దానీటోలా క్వార్ట్‌జైట్ గనిలో రాళ్లు కొడుతూ, తోటి కార్మికురాలు ఆశాను వివాహం చేసుకున్నారు. ఛత్తీస్‌గఢీ భాష ఆయనకు ఇంటి భాష అయింది. బయటి నుంచి వచ్చిన నాయకుడన్న మాట ఆ తర్వాత ప్రత్యర్థులు ఎన్నిసార్లు అన్నా గని కార్మికుల చెవికి ఎక్కకపోవడానికి ఇదొక కారణం.

ఎమర్జెన్సీలో మీసా చట్టం కింద అరెస్టయి పదమూడు నెలలు రాయపూర్ జైల్లో ఉన్నారు. ఆ తర్వాత 1977లో దల్లీ రాజ్‌హరా ఇనుప గనుల కాంట్రాక్టు కార్మికులు, బోనస్ ఒప్పందంలో తమకు అన్యాయం జరిగిందని గుర్తింపు సంఘాలను వదిలి బయటికొచ్చి, దానీటోలా వెళ్లి నియోగిని వెంటబెట్టుకొచ్చారు. ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ అలా ఏర్పడింది. వానలకు ముందు గుడిసె కప్పుకోవడానికి సాయం, పని లేని రోజుకు కొంత భృతి వారి మొదటి కోర్కెలు. జూన్ 2 రాత్రి నియోగిని అరెస్టు చేయడానికి పోలీసులు వచ్చారు. ఆ రాత్రి, మరునాడు జరిగిన కాల్పుల్లో 11 మంది మరణించారు. వారిలో అనసూయాబాయి అనే కార్మికురాలు, సుదామా అనే బాలుడు ఉన్నారు.

లెక్క చూపించే నాయకుడు

నియోగి పోరాట పద్ధతిలో అంతగా చెప్పుకోని లక్షణం ఒకటుంది. యాజమాన్యం చూపిన కాగితాన్ని ఆయన యథాతథంగా ఒప్పుకునేవారు కారు, చించి పారేసేవారూ కారు. ఎదురు లెక్క తయారుచేసేవారు. గనుల్లో యంత్రాలు తెస్తే టన్ను ఖనిజం చవకవుతుందని ఉక్కు సంస్థ చెప్పినప్పుడు సంఘం స్వయంగా లెక్కలు వేయించింది. యంత్రం ఖరీదు, విడి భాగాలు, నిలిచిపోయే రోజులు, ఖనిజం నాణ్యత అన్నీ లెక్కగట్టి, మనిషీ యంత్రం కలిసి పనిచేసే సగం యాంత్రీకరణ పద్ధతిని ప్రతిపాదించింది. దల్లీ గనిలో ఆ పద్ధతి అమలైంది కూడా. 1978 ఏప్రిల్‌లో బైలాదిలాలో యాంత్రీకరణ పేరిట కార్మికులను తొలగించడం, దరిమిలా జరిగిన పోలీసు కాల్పులు అందరి మనసుల్లో తాజాగా ఉన్న రోజులవి.

సంఘర్షణ, నిర్మాణం రెండూ కలిసి నడవాలన్నది ఆయన సిద్ధాంతం. కూలి పెరిగింది, దానితోపాటు సారా అమ్మకాలూ పెరిగాయి. స్త్రీలు ముందుండి సారా వ్యతిరేక ఉద్యమం నడిపారు. సంఘం ఉపాధ్యక్షురాలు కుసుంబాయి ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక మరణించారు. ఆ దుఃఖం నుంచి ఆసుపత్రి ఆలోచన పుట్టింది. కార్మికులు తమ చేతులతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రి 1983 జూన్ 3న, కాల్పుల అమరుల సంస్మరణ రోజునే ప్రారంభమైంది. డాక్టర్ బినాయక్ సేన్ తొలినాళ్లలో అక్కడ పనిచేసినవారే. 1857లో రాయపూర్‌లో ఉరికంబమెక్కిన సోనాఖాన్ జమీందారు వీర నారాయణ్ సింగ్‌ను ఛత్తీస్‌గఢ్ ప్రజల స్మృతిలోకి మళ్లీ తెచ్చినవారిలో నియోగి అగ్రగణ్యులు. ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా ఎర్ర, ఆకుపచ్చ జెండా కార్మికుడినీ రైతునూ ఒకే గుడ్డ మీద చూపింది.

1990లో ఆయన మళ్లీ భిలాయికి వచ్చారు. ఈసారి ఉక్కు కర్మాగారం లోపలికి కాదు, దాని చుట్టూ వెలసిన ప్రైవేటు పరిశ్రమల్లోకి. ఇంజినీరింగ్ కర్మాగారాలు, డిస్టిలరీలు, తీగల ఫ్యాక్టరీలలో వేలమంది ఏళ్ల తరబడి కాంట్రాక్టు కూలీలుగానే మిగిలిపోయారు. బతకడానికి సరిపడే వేతనం, ఉద్యోగ స్థిరత్వం, సంఘం పెట్టుకునే హక్కు కావాలని వారు అడిగారు. సంఘంలో చేరినవారిని వేల సంఖ్యలో పనిలోంచి తీసేశారు. కార్మికులపై దాడులు జరిగాయి. 1991 ఫిబ్రవరిలో పాత కేసుల మీద నియోగిని అరెస్టు చేశారు, సుమారు రెండు నెలల తర్వాత విడుదలయ్యారు. జిల్లా నుంచి బహిష్కరించే ప్రయత్నమూ జరిగింది. సెప్టెంబరులో కార్మికులను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్‌కు వినతిపత్రం ఇచ్చారు. అక్కడి నుంచి తిరిగివచ్చిన కొద్ది రోజులకే ఆయన హత్య జరిగింది.

చూసినవారు లేని హత్య

సాక్షి అన్న మాటకు మూలార్థం కళ్లతో చూసినవాడు. ఆ అర్థంలో నియోగి హత్యకు సాక్షి లేడు. రాష్ట్ర పోలీసుల నుంచి కేసు సీబీఐకి మారింది. దర్యాప్తు మూడు దిక్కుల నుంచి సాక్ష్యాన్ని పోగుచేసింది. చనిపోయిన మనిషి మిగిల్చిన మాట మొదటిది. నిందితుల ఇళ్ల సోదాల్లో దొరికిన కాగితాలు రెండోది. పల్టన్ మల్లా అనే కిరాయి హంతకుడి వద్ద నుంచి రాబట్టిన తుపాకీ, అతడు వేరొకరి ఎదుట చేసిన ఒప్పుకోలు మూడోది. పల్టన్ మల్లాతో పాటు స్థానిక పారిశ్రామికవేత్తలపైనా, వారి తరఫున పని కుదిర్చారంటూ మరికొందరిపైనా కుట్ర అభియోగం మోపారు.

ఈ మూడూ ఒక్కో రకంగా ప్రశ్నకు గురయ్యేవే. ముందుగా తుపాకీ సంగతి. దేశవాళీ తపంచా అనగానే అది దొరికితే కేసు తేలిపోయినట్టేనని సినిమాలు నేర్పాయి. వాస్తవం వేరు. ఫ్యాక్టరీలో తయారైన రైఫిల్, రివాల్వర్ గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లుంటాయి. తూటా దూసుకుపోయేటప్పుడు ఆ గాళ్ల ముద్ర దాని ఒంటిపై పడుతుంది. పరీక్షకు పేల్చిన తూటాను, శరీరం నుంచి తీసిన తూటాను పోలిక సూక్ష్మదర్శిని కింద పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే గొట్టం నుంచి వచ్చాయా అన్నది నిపుణుడు చెప్పగలడు. కొలిమిలో గొట్టం ముక్కతో చేసిన నాటు తపంచా లోపల సాధారణంగా నునుపుగా ఉంటుంది. అందులోంచి పెల్లెట్లు పోతే వాటిపై ఆ ముద్ర ఉండదు. అప్పుడు మిగిలే ఆధారం ఖాళీ తూటా పెంకు. దాని అడుగున సూది కొట్టిన గుంట, వెనుక పళ్లెం రాపిడి గీతలు తుపాకీని గుర్తుపట్టడానికి పనికొస్తాయి. కాల్చినవాడు పెంకును వెంట తీసుకుపోతే ఆ ఆధారమూ పోతుంది.

కనుక ఇటువంటి కేసుల్లో నిపుణుడి నివేదికలో క్రియాపదాన్ని జాగ్రత్తగా చదవాలి. ఈ తుపాకీతోనే కాల్చారు అనడం ఒకటి, ఇటువంటి తుపాకీతో కాల్చి ఉండవచ్చు అనడం మరొకటి. వాదప్రతివాదాలన్నీ ఆ చివరి మాటల మధ్యనే జరుగుతాయి. గాయం చుట్టూ మసి, మందు రవ్వల గుర్తులు ఉన్నాయా, పెల్లెట్లు ఎంత వెడల్పుగా విచ్చుకున్నాయి అన్నదాన్ని బట్టి కాల్చిన దూరాన్ని అంచనా వేస్తారు. కిటికీకీ మంచానికీ మధ్య దూరంతో అది సరిపోవాలి. సరిపోకపోతే నేరస్థలం కథ మొత్తం మార్చుకోవాల్సి వస్తుంది.

ప్రయోగశాలలోని శాస్త్రం ఎంత బలమైనదైనా, వస్తువు అక్కడికి చేరే దారి పోలీసు స్టేషన్ గుండానే పోతుంది. తుపాకీని ఎవరి సమక్షంలో స్వాధీనం చేసుకున్నారు, ఆ పంచులు స్థానికులా లేక ప్రతి కేసులోనూ సంతకం పెట్టేవారా, పొట్లంపై వేసిన సీలు ఎవరి దగ్గర ఉంది, మాల్‌ఖానా రిజిస్టరులో ఏ తేదీన ఎక్కింది, ఎన్ని రోజుల తర్వాత ల్యాబుకు పంపారు, అక్కడ విప్పినప్పుడు సీలు చెక్కుచెదరకుండా ఉందా అన్న ప్రశ్నలు డిఫెన్స్ న్యాయవాది వేసే అడ్డు ప్రశ్నల్లో ముందు వరుసలో ఉంటాయి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా సూక్ష్మదర్శిని చూపినది పక్కకు పోతుంది. ఇది నేరస్థులకు దొరికే సందు అని చాలామంది అనుకుంటారు. కానీ నిరపరాధిని ఇరికించదలచిన పోలీసు చేతిలోనూ అదే పొట్లం, అదే లక్క ఉంటాయి. నియోగి అనుచరుల మీద పెట్టిన కేసుల్లో ఈ ప్రశ్నలు అడగాల్సిన పక్షాన నిలిచింది కార్మికులే.

నిపుణుడి అభిప్రాయం న్యాయమూర్తిని కట్టిపడేయదు. 1872 నాటి సాక్ష్య చట్టం 45వ సెక్షన్ దాన్ని అభిప్రాయంగానే చూసింది. 1999లో హిమాచల్‌ప్రదేశ్ ఆపిల్ తోటల నష్టపరిహారానికి సంబంధించిన కేసులో, నిపుణుడు తన నిర్ణయాన్ని చెప్పి ఊరుకుంటే చాలదనీ, దానికి దారితీసిన కొలతలనూ పద్ధతినీ న్యాయమూర్తి ముందు ఉంచాలనీ సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబు డైరెక్టరు స్థాయి అధికారుల నివేదికను వారిని బోనెక్కించకుండానే స్వీకరించే వెసులుబాటు చట్టంలో ఉంది. అయితే వారిని పిలిపించి ప్రశ్నించే అధికారం న్యాయస్థానానికి ఉంటుంది, అందుకోసం నిందితుడు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ దరఖాస్తు వేయకుండా ఊరుకున్నందువల్ల సవాలు లేకుండా దాటిపోయే నివేదికలు మన విచారణ న్యాయస్థానాల్లో తక్కువేమీ కావు.

పిఠాపురం, గుంటూరు సూత్రాలు

తుపాకీ దొరికిన తీరుకు సంబంధించిన సూత్రం గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి బయలుదేరింది. పల్నాటి గ్రామ కక్షల్లో జరిగిన హత్యల కేసు పులుకూరి కోటయ్య పేరిట లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. స్వాతంత్ర్యానికి కొద్ది నెలల ముందు వెలువడిన ఆ తీర్పు నేటికీ ప్రతి హత్య కేసులో వినిపిస్తుంది. పోలీసు కస్టడీలో నిందితుడు చెప్పిన మాట సాధారణంగా చెల్లదు. అతడు చూపిన చోట వస్తువు దొరికితే, దొరకడానికి నేరుగా దారితీసిన మాట వరకే చెల్లుతుంది. కత్తి ఇంటి చూరులో దాచానన్న ముక్క చెల్లుతుంది, దాంతోనే పొడిచానన్న ముక్క చెల్లదు. ఒకే వాక్యాన్ని కత్తెరతో రెండుగా కత్తిరించినట్టుంటుంది. కాబట్టి పల్టన్ మల్లా చూపిన ఆయుధం అతడికి ఆ చోటు తెలుసునన్నదాన్ని మాత్రమే రుజువు చేయగలదు. మిగతాది వేరే సాక్ష్యంతో పూడ్చాలి.

చనిపోయినవారి మాటకు సంబంధించిన సూత్రం మరింత పాతది. పిఠాపురం దివాను కొలువులో పనిచేసిన నూకరాజు, అప్పు వసూలు చేసుకోవడానికి బరంపురం వెళ్తున్నానని 1937 మార్చిలో భార్యకు చెప్పి బయలుదేరాడు. రెండు రోజులకు పూరీ స్టేషన్లో ఒక మూడో తరగతి పెట్టెలో, ఇనుప ట్రంకులో అతడి శవం ముక్కలై దొరికింది. పాకాల నారాయణస్వామి కేసుగా న్యాయవిద్యార్థులందరూ చదివే ఈ వ్యవహారంలో, 1939లో ప్రివీ కౌన్సిల్ ఒక గీత గీసింది. మరణానికి దారితీసిన సంఘటనల వరుసలో భాగమైన మాట, చావు భయం లేని సమయంలో చెప్పినదైనా సాక్ష్యమే. నూకరాజు భార్యకు చెప్పిన మాట ఆ విధంగా చెల్లింది. అయితే ఫలానా వ్యక్తి వల్ల ప్రాణభయముందనే సాధారణ అనుమానం, మరణ సందర్భంతో నేరుగా ముడిపడకపోతే, చెల్లదు.

నియోగి టేపు ఆ గీతకు ఏ పక్కన ఉంది? కేసంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. పరిశ్రమాధిపతులతో సంఘర్షణ సాగుతుండగా, ఆ సంఘర్షణలో తనను చంపుతారని చెప్పిన మాట మరణానికి దారితీసిన వరుసలో భాగమేనని వాదించవచ్చు. 1984లో శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు, మృతురాలు రాసిన లేఖలను పరిశీలిస్తూ, కాలపు దూరాన్ని గజం బద్దతో కొలవకూడదని, ఒక్కో కేసు స్వభావాన్ని బట్టి చూడాలని చెప్పి ఉంది. కానీ నూకరాజు ఫలానా రోజున ఫలానా చోటికి, ఫలానావారి పిలుపు మీద వెళ్తున్నానని చెప్పాడు. నియోగి చెప్పినది నెలల తరబడి ఆవరించుకున్న ప్రమాదం గురించి. ఎప్పుడు, ఎవరి చేత, ఎలా అన్నది ఆయనకూ తెలియదు. ప్రజానాయకుడికి శత్రువులు ఎవరో తెలియడం వేరు, ఆ శత్రువులే ఈ రాత్రి ఈ మనిషిని పంపారని రుజువు చేయడం వేరు. ఈ తేడా క్రూరంగా తోచవచ్చు. నాయకులందరి అనుమానాలూ సాక్ష్యాలైతే రేపు ఏ నాయకుడి డైరీలోని పేరైనా ఉరితాడు కాగలదని గుర్తు చేసుకుంటే, చట్టం ఎందుకు సంకోచించిందో అర్థమవుతుంది.

టేపుకు సంబంధించి మరో పరీక్ష కూడా ఉంది. గొంతు ఎవరిదో గుర్తుపట్టేవారు ఉండాలి, టేపును కత్తిరించి అతికించలేదని తేలాలి, దొరికిన నాటి నుంచి భద్రమైన చేతుల్లో ఉండాలి, మాటలు స్పష్టంగా వినబడాలి. 1980లలోనే సుప్రీంకోర్టు ఈ నిబంధనలను ఒక వరుసలో పెట్టింది. ఇన్నీ దాటినా, గొంతు నియోగిదేనని అందరూ ఒప్పుకున్నా, ఆ గొంతు చెప్పినదానికి చట్టంలో ఎంత బరువు అన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

మూడు మెట్ల మీద మూడు తీర్పులు

1997 జూన్‌లో దుర్గ్ సెషన్స్ కోర్టు పల్టన్ మల్లాకు ఉరిశిక్ష, ఇద్దరు పారిశ్రామికవేత్తలు సహా ఐదుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. ఒక కార్మిక నాయకుడి హత్యలో పరిశ్రమ యజమానులకు శిక్ష పడడం దేశంలో అరుదైన సంగతి. దల్లీ రాజ్‌హరాలో, భిలాయి బస్తీల్లో ఆ రోజు చాలా ఇళ్లలో దీపాలు వెలిగాయంటే అతిశయోక్తి కాదు. ఏడాది తిరిగేసరికి, 1998 జూన్‌లో జబల్‌పూర్‌లోని మధ్యప్రదేశ్ హైకోర్టు అందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. సోదాలను స్థానిక పెద్దమనుషుల సమక్షంలో నిబంధన ప్రకారం జరపలేదని, సాక్ష్యపు కొక్కేలు ఒకదానికొకటి తగులుకోలేదని హైకోర్టు తప్పుపట్టింది.

సుప్రీంకోర్టు 2005 జనవరి 20న తీర్పు ఇచ్చింది. సోదా చట్టవిరుద్ధమైనంత మాత్రాన అందులో దొరికిన సాక్ష్యం దానంతటదే చెల్లకుండా పోదనీ, నిందితుడికి తీవ్రమైన నష్టం జరిగితేనే న్యాయస్థానం తన విచక్షణతో దాన్ని పక్కనపెట్టవచ్చనీ ఆ తీర్పు చెప్పింది. న్యాయవాదులు ఈ కేసును నేటికీ ప్రస్తావించేది ముఖ్యంగా ఈ సూత్రం కోసమే. అమెరికాలో చట్టవిరుద్ధ సోదా ఫలితాన్ని సాధారణంగా తోసిపుచ్చుతారు. మన దేశం 1973లోనే పూరణ్‌మల్ కేసులో వేరే దారి పట్టింది. నియోగి కేసు ఆ దారిని గట్టిపరచింది. పోలీసుకు మేలు చేసే ఈ సూత్రం ఒక కార్మిక నాయకుడి హంతకులను వెతికే కేసులో బలపడడం వింతగానే ఉంటుంది. రేపు అదే సూత్రంతో కార్మికుల ఇళ్లపైనా సోదా జరగవచ్చు.

అయితే కాగితాలను చదవనిచ్చినా, వాటితో కుట్ర రుజువైందని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నియోగి డైరీ, టేపు, బెదిరింపుల చరిత్ర అన్నీ కలిసి బలమైన అనుమానాన్ని కలిగించవచ్చు గానీ, ఇతర నిందితుల విషయంలో నేరాన్ని రుజువు చేయలేవని పై న్యాయస్థానాలు భావించాయి. సార్దా కేసులోనే సుప్రీంకోర్టు పరిస్థితుల సాక్ష్యానికి పంచశీల పేరిట ఐదు షరతులు పెట్టింది. ప్రతి సంఘటనా పూర్తిగా రుజువు కావాలి, అన్నీ నిందితుడి నేరం వైపే చూపాలి, మరో వివరణకు తావు ఉండకూడదు. కుట్ర అన్నది సహజంగా చీకట్లో జరిగేది కాబట్టి దాన్ని ఈ కొలతతో తూచడం ఎప్పుడూ కష్టమే. పల్టన్ మల్లా విషయంలో మాత్రం ఒప్పుకోలును, స్వాధీనమైన ఆయుధాన్ని కలిపి చూసి హైకోర్టు తీర్పును కొట్టివేశారు. ఉరికి బదులు యావజ్జీవ శిక్ష పడింది. మిగతావారి విడుదల ఖాయమైంది.

ట్రిగ్గరు నొక్కిన చేతికి శిక్ష పడింది, ఆ చేతికి తుపాకీ అందించినవారెవరో తేలలేదు. చట్టం దృష్టిలో విడుదలైనవారు నిర్దోషులు. అదే సమయంలో ఒక కిరాయి హంతకుడికి తనంతట తానుగా నియోగిని చంపాల్సిన కారణం ఏముందన్న ప్రశ్నకు తీర్పులో జవాబు లేదు. దర్యాప్తు తొలి రోజుల్లో నేరస్థలాన్ని ఎలా కాపాడారు, సోదాలకు పంచులను ఎలా ఎంచారు, దొరికిన ప్రతి కాగితం ఏ చేతి నుంచి ఏ చేతికి మారింది అన్న చిన్న విషయాల్లోనే పెద్ద కేసులు గెలుస్తాయి లేదా ఓడిపోతాయి. ఒక నాయకుడి గొంతులోని మాటతో కేసు గెలవడం సాధ్యం కాదని గ్రహించి, ఆ చిన్న విషయాలను పకడ్బందీగా చేసి ఉండాల్సిన బాధ్యత దర్యాప్తుదే.

2024 జూలై 1న సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. పిఠాపురం కేసు సూత్రం ఉన్న 32వ సెక్షన్ ఇప్పుడు 26వదైంది. గుంటూరు కేసు సూత్రం 23వ సెక్షన్‌లో ఒక మినహాయింపుగా చేరింది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలని, ఆ ప్రక్రియను వీడియో తీయాలని కొత్త నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. రాష్ట్రాలు దీన్ని అమలు చేయడానికి ఐదేళ్ల వ్యవధి ఇచ్చారు. హడ్కో కాలనీ కిటికీ దగ్గర ఆ తెల్లవారుజామున అలాంటి నిపుణుడు ఉండి ఉంటే తీర్పు మారేదా అన్నది ఊహే. కుట్ర జరిగిన గదిలో ఏ నిపుణుడూ ఉండడు.

నియోగి హత్య తర్వాత ఉద్యమం ఆగలేదు. తొలగించిన కార్మికులను పనిలోకి తీసుకోవాలంటూ 1992 జూలై 1న భిలాయి పవర్‌హౌస్ రైల్వే స్టేషన్ వద్ద పట్టాలపై కూర్చున్నవారిపై పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది కార్మికులు మరణించారు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమైంది. నియోగి మృతదేహాన్ని భిలాయి నుంచి దల్లీ రాజ్‌హరాకు తీసుకువెళ్లి, ఎర్ర, ఆకుపచ్చ జెండా కప్పి, వేలాది గని కార్మికుల మధ్య అంత్యక్రియలు జరిపారు. ఏటా సెప్టెంబరు 28న అక్కడా, జూలై 1న పవర్‌హౌస్ దగ్గరా కార్మికులు సమావేశమవుతారు. షహీద్ ఆసుపత్రిలో నేటికీ రోగులకు చికిత్స జరుగుతోంది.